కోల్‌కతానా, చెన్నైనా, ముంబైనా, హైదరాబాదా: రైళ్ళ చరిత్ర చూడటానికి ఏ నగరం, ఎలాంటి టూర్?

చెన్నై సెంట్రల్‌లో దిగి, సామాన్లతో ఆటో ఎక్కి, ఎగ్మోర్ చేరి, అక్కడ రామేశ్వరం రైలు పట్టుకోవడం మనవాళ్ళలో చాలామందికి తెలిసిన తిప్పలే. రెండు స్టేషన్ల మధ్య దూరం రెండు కిలోమీటర్లు అటూఇటూ. ఇంత దగ్గర్లో రెండు పెద్ద స్టేషన్లు ఎందుకు కట్టారు? సెంట్రల్‌ది ఒక కంపెనీ, ఎగ్మోర్‌ది ఇంకో కంపెనీ. అక్కడివి బ్రాడ్ గేజ్ (వెడల్పు ఎక్కువ) పట్టాలు, ఇక్కడివి మీటర్ గేజ్ (వెడల్పు తక్కువ) పట్టాలు. ఒకరి రైలు ఇంకొకరి పట్టాల మీద నడవదు. ఆ కంపెనీలు పోయాయి, చెన్నైలో మీటర్ గేజ్ కూడా పోయింది. వాటి మధ్య గీసిన హద్దు మాత్రం ఇప్పటికీ మన ప్రయాణంలో అలాగే ఉంది.

నగర రవాణా చరిత్ర చూపించే టూర్ అంటే నా దృష్టిలో ఇదే పని చేయాలి. "ఇది ఇక్కడే ఎందుకుంది?" అన్న ప్రశ్నకు మనల్ని ఆ చోటే నిలబెట్టి జవాబు చూపించాలి. ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. స్టేషన్ నదికి ఈ ఒడ్డునే ఎందుకు ఆగిపోయిందో నది ఒడ్డున నిలబడితేనే ఒంటబడుతుంది.

మూడు నాలుగు రోజులు సెలవు దొరికి, ఈ ఆసక్తితో ఎటు వెళ్ళాలో తేల్చుకోలేని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది, పాతదాంట్లో ఇంకా ఎక్కి తిరగగలిగేది ఎంత మిగిలింది అన్నది. గాజు పెట్టెలో పెట్టిన టికెట్ యంత్రం కంటే గంట కొట్టుకుంటూ కదిలే ట్రామ్ పది రెట్లు ఎక్కువ చెబుతుంది. అందుకే నేను మ్యూజియాలకు రెండో స్థానమే ఇస్తాను.

తర్వాతది, చూసింది దానంతట అదే అర్థమవుతుందా లేదా. ముంబై స్టేషన్ గోపురం చూడగానే ఆకట్టుకుంటుంది, దానికి ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. హైదరాబాద్ గౌలిగూడలో ఒకప్పుడు విమానాల షెడ్డులో బస్సులు నిలిపేవాళ్ళన్న సంగతి ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. గైడ్‌కు డబ్బు పెట్టాల్సింది ఈ రెండో రకం చోట్ల.

దూరాలు కూడా చూసుకోవాలి. చరిత్ర అంతా నాలుగు కిలోమీటర్ల లోపు ఉంటే నడక టూర్ పెట్టుకోవచ్చు. ఊరంతా చెదిరి ఉంటే లోకల్ రైలో, మెట్రోనో వాడాలి. అప్పుడు గైడ్ గొంతు ఆ రొదలో వినపడదు.

చివరిది చాలామంది పట్టించుకోరు: అది ఇంకెన్నాళ్ళుంటుంది? రాతి స్టేషన్ వచ్చే ఏడు కూడా ఉంటుంది. ట్రామ్ లైను ఉండకపోవచ్చు. ఏ నగరానికి ముందు వెళ్ళాలన్నది నేను చాలావరకు దీన్నిబట్టే నిర్ణయిస్తాను.

కోల్‌కతా

ఒక్క నగరమే చూడగలను అనే వాళ్ళకు నా జవాబు కోల్‌కతా.

కథ నదితో మొదలవుతుంది. తూర్పు భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి నడిచింది. బొంబాయి రైలు 1853లోనే నడిచింది కదా, వీళ్ళు ఎందుకు వెనకబడ్డారు? ఇంగ్లండ్ నుంచి పెట్టెలు తెస్తున్న ఓడ మునిగిపోయింది. ఇంజిన్ ఎక్కించిన ఓడ దారి తప్పి ఆస్ట్రేలియా చేరింది. చివరికి పెట్టెలు ఇక్కడే తయారుచేసుకోవాల్సి వచ్చింది.

అసలు విషయం స్టేషన్ ఉన్న చోటు. ఊరు తూర్పు ఒడ్డున, స్టేషన్ పడమటి ఒడ్డున. మధ్యలో హుగ్లీ నది, వంతెన లేదు. అందుకని కంపెనీ ఊరివైపు ఆర్మేనియన్ ఘాట్‌లో టికెట్లు అమ్మి, పడవలో ప్రయాణికుల్ని అవతలికి దాటించేది. పడవ ఛార్జీ కూడా టికెట్‌లోనే కలిసి ఉండేది. 1873లో కోల్‌కతాలో మొదటి గుర్రపు ట్రామ్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడిచిందో చూడండి: సియాల్దా స్టేషన్ నుంచి ఇదే ఆర్మేనియన్ ఘాట్‌కు. అంటే తూర్పున దిగిన మనిషినీ సరుకునూ పడమటి రైలు దగ్గరికి చేర్చే కొక్కెం లాంటిది ఆ ట్రామ్. ఆ తర్వాతి ఏడాది, 1874లో, పడవల మీద తేలే వంతెన వచ్చింది. ఇప్పుడున్న ఉక్కు వంతెన 1943లో వచ్చింది. 2024 మార్చిలో నది అడుగు నుంచి మెట్రో మొదలైంది. నూట డెబ్బై ఏళ్ళుగా ఈ ఊరి రవాణా చరిత్ర అంతా ఒక నదిని దాటే ప్రయత్నమే.

దీన్ని ఒక్క పూటలో కాళ్ళతో అనుభవించవచ్చు. ఎస్ప్లనేడ్‌లో మొదలుపెట్టి, నది ఒడ్డుకు వచ్చి, లాంచీలో హౌరా దాటండి. హాల్సీ రికార్డో రూపకల్పనతో 1905లో తెరిచిన ఎర్రిటుకల స్టేషన్ భవనం నది మీది నుంచి చూస్తేనే బాగుంటుంది. లోపల 1926 నాటి రెండు ముఖాల పెద్ద గడియారం కింద కాసేపు నిలబడండి. బెంగాలీలు ఎవరినైనా స్టేషన్‌లో కలుసుకోవాలంటే చెప్పుకునే చోటు అదే. పక్కనే రైల్వే మ్యూజియం ఉంది, ఆవిరి ఇంజిన్లు ఆరుబయటే ఉంటాయి. వెనక్కి వంతెన మీద నడిచి రండి. మళ్ళీ ఇవతలి నుంచి మెట్రో ఎక్కి నది కింద దాటండి. సొరంగం నది అడుగున ఉండే భాగం 520 మీటర్లు, ముక్కాలు నిమిషంలో అయిపోతుంది. కిటికీ బయట నీలం దీపాలు కనిపించినప్పుడు తలమీద నది ఉందని అర్థం. పడవ, వంతెన, సొరంగం, మూడూ ఒకే రోజు. దేశంలో ఇలాంటి అవకాశం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఇక ట్రామ్. 1902లో ఇక్కడ కరెంటు ట్రామ్ మొదలైంది. మిగతా భారతీయ నగరాలన్నీ వదిలేశాక కూడా ఈ ఊరు వదల్లేదు. 1953లో రెండో తరగతి ట్రామ్ ఛార్జీ ఒక్క పైసా పెంచితే నగరమంతా వీధిలోకి వచ్చి పోరాడింది. ట్రామ్ అక్కడి సామాన్యుడికి ఏమిటో ఆ ఒక్క పైసా చెబుతుంది. కవి జీవనానంద దాస్ 1954 అక్టోబరులో ట్రామ్ ఢీకొని, కొద్ది రోజులకు కన్నుమూశారు. బెంగాలీలు ట్రామ్ గురించి మాట్లాడుతుంటే గొంతులో వినపడే బరువుకు ఇలాంటి జ్ఞాపకాలు చాలా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం, ఎస్ప్లనేడ్ నుంచి మైదాన్ వరకు ఒక్క వారసత్వ మార్గం తప్ప మిగతావి ఆపేస్తామని ప్రకటించింది. ట్రామ్ ప్రేమికులు హైకోర్టు మెట్లెక్కారు. వెళ్ళే ముందు ఆ వారం ఏ మార్గం నడుస్తోందో తప్పక కనుక్కోండి.

ఇక్కడ గైడ్ కావాలి, అందులో నాకు సందేహం లేదు. వీధుల్లో తారు కింద సగం కప్పుకుపోయిన పట్టాలు ఏ డిపోకు పోయేవో, ఏ మలుపులో ట్రామ్ తిరిగేదో ఆ ఊరిలో పెరిగిన మనిషే చెప్పగలడు. ఎస్ప్లనేడ్‌లో ఒక పాత ట్రామ్ పెట్టెలోనే 'స్మరణిక' అనే చిన్న మ్యూజియం పెట్టారు. గైడ్‌తో చూస్తే అరగంట నిలబెడుతుంది, లేకపోతే పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు.

దేశంలో మొదటి మెట్రో కూడా ఇక్కడిదే. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ (ఇప్పటి నేతాజీ భవన్) వరకు 3.4 కి.మీ. నడిచింది. శంకుస్థాపన 1972లో జరిగింది. మధ్యలోని పన్నెండేళ్ళూ ఊరి నడిబొడ్డున రోడ్లు తవ్వి, పైకప్పు వేసి, మళ్ళీ పూడ్చారు. ఆ తవ్వకాలు చూసిన తరం ఇంకా ఉంది. గైడ్ యాభై దాటినవారైతే ఆ రోజుల గురించి అడగండి.

చెన్నై

తెలుగువాళ్ళకు అన్నిటికంటే దగ్గరగా తగిలే చరిత్ర చెన్నైలో ఉంది. ఇక్కడ మనకు తెలిసిన పేర్లే ఎదురవుతాయి.

మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ అంతకుముందే, 1837లో, మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపు రోడ్లకు కావాల్సిన రాయి మోసే రైలు వేయించాడు. ప్రయాణికులు లేరు, రాళ్ళే. దేశంలో పట్టాల కథ మొదలైంది అలా. ఆ లైను ఆనవాళ్ళేమీ చూడటానికి లేవు గానీ, చింతాద్రిపేట మీదుగా వెళ్ళేటప్పుడు తలుచుకోవచ్చు.

చూడటానికి మిగిలింది రాయపురం. 1856లో ఇక్కణ్ణుంచే దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు వాలాజా రోడ్డుకు బయల్దేరింది. మొదటి ముంబై, హౌరా స్టేషన్ల భవనాలు పోయాయి, దీని స్తంభాలు నిలిచాయి. దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న స్టేషన్ భవనాల్లో ఇదే అతి పాతది. నలుగురూ వెళ్ళే చోటు కాదు. అది ఒక లోకల్ స్టేషన్, అంతే. అందుకే నాకు ఇష్టం. ఎదురుగా ఓడరేవు, వెనక వర్తకుల పాత పేటలు. స్టేషన్ అక్కడే ఎందుకు పుట్టిందో అడగక్కర్లేదు.

తర్వాత ఊరు పెరిగింది. 1873లో సెంట్రల్ వచ్చింది. జార్జ్ హార్డింగ్ గీసిన భవనానికి గడియారపు బురుజు తర్వాత చేరింది. హెన్రీ ఇర్విన్ ఎగ్మోర్‌కు వేరే రూపం ఇచ్చాడు. 1908లో తెరిచిన ఆ స్టేషన్ గుమ్మటాలతో, కమానులతో ఉంటుంది. రెండిటినీ ఒకే ఉదయం చూస్తే, పోటీ కంపెనీలు తమ దర్జా చూపించుకోవడానికి రాళ్ళ మీద ఎంత ఖర్చుపెట్టాయో తెలుస్తుంది.

లోకల్ రైలు ఎక్కడం మర్చిపోకండి. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా 1931లోనే కరెంటు రైలు నడిచింది, అదీ మీటర్ గేజ్ మీద. ఆ గేజ్ 2004లో పూర్తిగా పోయింది కానీ దారి అదే. బీచ్ నుంచి ఎమ్మార్టీఎస్ రైలు ఎక్కితే ఇంకో సంగతి చూస్తారు. 1995లో మొదలైన ఆ రైలు చాలా దూరం బకింగ్‌హాం కాలువను అంటిపెట్టుకుని పైన సాగుతుంది. మన పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం వరకు సాగిన ఆ కాలువలో ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో వెళ్ళేవి. ఇప్పుడా కాలువలో నిలబడ్డవి రైలు వంతెన స్తంభాలు. ఒక రవాణా వ్యవస్థ నడుము మీద ఇంకొకటి నిలబడటం అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపించే చోటు అరుదు. చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది కూడా.

దేశంలో మొదటి కరెంటు ట్రామ్ మద్రాసుదే, 1895లో. 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. వీధుల్లో కంటికి కనిపించేది ఏమీ లేదు కాబట్టి ట్రామ్ కోసం చెన్నై వెళ్ళకండి.

పిల్లలుంటే పెరంబూరు వైపు, ఐసీఎఫ్ అనే రైలు పెట్టెల కర్మాగారం దగ్గర ఉన్న రైల్వే మ్యూజియం చేర్చుకోండి. 1955లో మొదలైన ఆ కర్మాగారంలో తయారైన పెట్టెల్లోనే మనలో చాలామందిమి జీవితమంతా ప్రయాణించాం.

గైడ్? చెన్నైలో తప్పనిసరి కాదు. రాయపురం, సెంట్రల్, ఎగ్మోర్, బీచ్ అన్నీ లోకల్ రైలుకూ మెట్రోకూ అందుబాటులో ఉన్నాయి. ముందుగా కొంచెం చదువుకుని వెళ్తే ఒక పెద్ద రోజు సరిపోతుంది. విజయవాడ వైపువాళ్ళు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సెంట్రల్‌లోనే దిగుతారు, దిగిన చోటు నుంచే టూర్ మొదలు.

ముంబై

1853 ఏప్రిల్ 16 మధ్యాహ్నం మూడున్నరకు బోరీ బందర్ నుంచి 14 పెట్టెలతో, సుమారు 400 మంది అతిథులతో ఠాణేకు బయల్దేరిన రైలు గురించి బడిలోనే చదువుకున్నాం. మూడు ఇంజిన్ల పేర్లు సాహిబ్, సింధ్, సుల్తాన్. 34 కి.మీ. దూరం. బందర్ అంటే రేవు. ఇక్కడ కూడా రైలు పుట్టింది ఓడల పక్కనే, దక్కను పత్తిని రేవుకు దింపడానికి.

ఆ చోట ఇప్పుడున్నది ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్. ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ రూపకల్పన, 1878లో మొదలై పదేళ్ళు పట్టింది, 2004లో యునెస్కో జాబితాలో చేరింది. ద్వారం దగ్గర ఒక వైపు బ్రిటన్‌కు గుర్తుగా సింహం, ఇంకో వైపు భారత్‌కు గుర్తుగా పులి. గోడల మీద కోతులు, నెమళ్ళు, ఆకులు, తీగలు అక్కడి కళాశాల విద్యార్థులు చెక్కినవే. కంపెనీ పెద్దల ముఖాల మధ్య జగన్నాథ్ శంకర్‌సేఠ్, జంషెడ్‌జీ జీజీభాయ్ కూడా ఉన్నారు. రైలు తెల్లవాళ్ళు ఒక్కళ్ళే తెచ్చింది కాదని గోడే చెబుతుంది.

ముంబైలో గైడ్ మీద డబ్బు ఈ ఒక్క భవనానికి పెట్టండి. లోపల ఆఫీసుల వైపు ఉన్న వారసత్వ మ్యూజియం, గుమ్మటం కింది మెట్ల వరస మామూలుగా వెళ్ళే ప్రయాణికుడికి కనిపించవు. మ్యూజియం తెరిచే రోజు చూసుకుని ప్రయాణం పెట్టుకోవాలి. మిగతాదంతా లోకల్ రైలే చూపిస్తుంది. దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న ఇక్కణ్ణుంచి కుర్లాకు వెళ్ళింది. ఇవాళ కూడా హార్బర్ లైను లోకల్‌లో అదే దారిన పోవచ్చు. దారి మళ్ళి, సెంట్రల్ లోకల్ ఎక్కి బైకుల్లాలో దిగండి. చక్కగా బాగుచేసిన ఆ పాత స్టేషన్‌కు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

రద్దీ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది మధ్య లోకల్ రైలెక్కి చరిత్ర గురించి ఆలోచించడం కుదరదు. పెద్దవాళ్ళతో అసలు వద్దు. ఆదివారం ఖాళీగా ఉంటుందనుకుంటే మెగాబ్లాక్ పేరుతో మరమ్మతులకు కొన్ని లైన్లు ఆపుతారు. వారం మధ్యలో మధ్యాహ్నమే మంచిది.

ట్రామ్ 1964 మార్చి 31న ఆఖరిసారి నడిచింది. పాత డబుల్ డెక్కర్ బస్సులు 2023లో వెళ్ళిపోయాయి. ఎక్కడానికి మిగిలిన పాతదల్లా లోకల్ దారులే.

హైదరాబాద్, సికింద్రాబాద్

ఇక్కడే ఉండేవాళ్ళు దీన్ని టూర్‌గా ఎంచరు. ఎంచాలి. కానీ చాలా వరకు సొంతంగా.

ఒక్క ఊరికి మూడు పెద్ద స్టేషన్లు ఎందుకు? బొంబాయి నుంచి మద్రాసు వెళ్ళే ప్రధాన మార్గం వాడి అనే జంక్షన్ మీదుగా పోయింది, హైదరాబాద్‌ను తాకలేదు. నిజాం ఖర్చుతో వాడి నుంచి ఒక లైను వేసి 1874లో ఇక్కడికి తెచ్చారు. అది ముందు చేరింది బ్రిటిష్ దండు ఉన్న సికింద్రాబాద్‌కు. నగరానికి నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది. మీటర్ గేజ్ మార్గాల మీద కాచిగూడ భవనం 1916లో లేచింది. మూడు స్టేషన్లు మూడు అవసరాలు. మూడిట్లో రూపం చెడకుండా నిలిచింది కాచిగూడ. గుమ్మటాలు, మినార్లతో తెల్లగా, ఇప్పటికీ పనిచేస్తున్న స్టేషన్‌గా ఉంది. ఉదయపు ఎండలో ఎదురు రోడ్డు నుంచి చూడండి. సికింద్రాబాద్ పాత ముఖద్వారం మాత్రం కొత్త నిర్మాణం కోసం కూల్చేశారు. నేను నాలుగేళ్ళ క్రితం తీసిన ఫొటోలు ఇప్పుడు జ్ఞాపకాలయ్యాయి.

నిజాం రైల్వే ఒక్క రైళ్ళే నడపలేదు. 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి పుట్టిల్లు అదే, అంటే రైల్వేకు పుట్టిన బిడ్డ ఆర్టీసీ. బస్సు నంబరులో కనిపించే 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని జనం చెప్పుకుంటారు. ఆ తొలి బస్సులకు నీడనిచ్చింది గౌలిగూడలోని విమానాల హ్యాంగరు. ఎనభై ఏళ్ళు దాటిన ఆ ఇనప షెడ్డు 2018 జులైలో దానంతట అదే కూలిపోయింది. ఇలాంటి చోటికి గైడ్ లేకుండా వెళ్తే ఖాళీ స్థలం తప్ప ఏమీ కనిపించదు.

నా సలహా: మొదటి రోజు సొంతంగా తిరగండి. కాచిగూడ, నాంపల్లి చూసి, నాంపల్లి నుంచి ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేట దాకా వెళ్ళండి. 2003లో మొదలైన ఆ లోకల్ రైలు తిరిగేది చాలావరకు పాత నిజాం లైను మీదనే. 2017 నాటి మెట్రోలో వెనక్కి రండి. కింద రైలు, పైన మెట్రో, నూట నలభై ఏళ్ళకు పైగా తేడా. రెండో రోజు పాతబస్తీ చరిత్ర తెలిసిన గైడ్ దొరికితే గౌలిగూడ, మూసీ ఒడ్డు, పుత్లీబౌలి పరిసరాలు నడవండి.

ఢిల్లీ గురించి రెండు మాటలు

చాణక్యపురిలో 1977లో తెరిచిన జాతీయ రైల్వే మ్యూజియం దేశంలో ఈ రకం వాటిలో అన్నిటికంటే పెద్దది. పటియాలా ఆవిరి మోనోరైలు ఒక్కటి చూడటానికైనా వెళ్ళవచ్చు. సోమవారం సెలవు. అయితే అది దేశపు రైళ్ళ మ్యూజియం, ఢిల్లీ నగర కథ కాదు. పదేళ్ళ లోపు పిల్లలుంటే ఢిల్లీయే సరైనది, మిగతావాళ్ళకు నా జాబితాలో చివర.

పక్కపక్కన పెట్టి చూస్తే

| నగరం | ఇంకా ఎక్కగలిగేది | పోయినది | గైడ్ | సమయం |
|---|---|---|---|---|
| కోల్‌కతా | ట్రామ్ (తగ్గిపోతోంది), లాంచీ, 1984 మెట్రో, నది కింది మెట్రో | చాలా ట్రామ్ మార్గాలు | తప్పకుండా | 2 రోజులు |
| చెన్నై | తాంబరం లోకల్, ఎమ్మార్టీఎస్, మెట్రో | ట్రామ్, మీటర్ గేజ్ | లేకపోయినా పర్లేదు | 1 రోజు |
| ముంబై | హార్బర్ లోకల్, సెంట్రల్ లోకల్ | ట్రామ్, పాత డబుల్ డెక్కర్లు | టెర్మినస్ లోపలికి మాత్రమే | ఒకటిన్నర రోజు |
| హైదరాబాద్ | ఎంఎంటీఎస్, మెట్రో | గౌలిగూడ హ్యాంగరు, సికింద్రాబాద్ పాత ముఖద్వారం | సగం రోజుకు | 2 పూటలు |
| ఢిల్లీ | మ్యూజియంలో బొమ్మ రైలు, మెట్రో | — | అక్కర్లేదు | 1 పూట |

ఎవరికి ఏది

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే చెన్నై. దూరాలు తక్కువ, మెట్రోలో లిఫ్టులున్నాయి, భాష కూడా కొంత నడుస్తుంది. హౌరా వంతెన నడక, ముంబై లోకల్ వాళ్ళకు కష్టం. కోల్‌కతాకే తీసుకెళ్ళాలనుకుంటే వంతెన నడక మానేసి లాంచీ, మెట్రో రెండూ ఉంచండి, కథ దెబ్బతినదు.

భవనాలు ఇష్టమైతే, కెమెరా భుజాన ఉంటే ముంబై. దాని తర్వాత చెన్నై ఎగ్మోర్, ఆ తర్వాత కాచిగూడ. ఎక్కడైనా ప్లాట్‌ఫారం టికెట్ తీసుకోవడం మరవద్దు.

ఊళ్ళు ఎలా పెరుగుతాయి, రోడ్లు ఎవరివి, పేదవాడికి ప్రయాణం ఎలా అందుతుంది అన్న ఆలోచనలు మీవైతే కోల్‌కతా తప్ప వేరే మాట లేదు. ట్రామ్ ఎందుకు ఆగాలి అన్న వాదన ఇప్పుడు కళ్ళెదుట జరుగుతోంది. ట్రాఫిక్‌కు అడ్డం అనేవాళ్ళ మాట వినండి, పొగ లేని బండిని తీసేసి కార్లకు దారి ఇవ్వడమేమిటి అనేవాళ్ళ మాటా వినండి. నా మనసు రెండోవాళ్ళతోనే ఉంది.

చేతిలో ఒక్క శనివారమే ఉంటే, ఉన్న ఊళ్ళోనే. హైదరాబాదీలకు ఇందులో లోటేమీ లేదు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు

ఒకసారి పాతిక మందికి పైగా ఉన్న నడక టూర్‌లో చేరాను. రోడ్డు రొదలో వెనకున్నవాళ్ళకు ఒక్క ముక్క వినపడలేదు. రెండు గంటలు ఎవరి వీపో చూస్తూ నడిచాను. అప్పట్నుంచి ముందే అడిగేది: గుంపులో ఎంతమంది? పది దాటితే ఆలోచిస్తాను.

రెండోది, టూర్‌లో ఏం ఎక్కుతాం? బయటి నుంచి చూపించి కథ చెప్పే టూర్ భవనాలకు సరిపోతుంది, రవాణాకు సరిపోదు. ఆ రోజు ట్రామ్ నడవకపోతే ఏం చేస్తారో కూడా అడగండి. సూటిగా జవాబు రాకపోతే వాళ్ళు ట్రామ్ మీద ఆధారపడటం లేదని అర్థం.

మూడోది మామూలు మాటల్లో అడగండి: ఈ స్టేషన్ ఇక్కడే ఎందుకు కట్టారండీ? భవనం ఎత్తు, ఖర్చు, కట్టిన ఏడాది చెప్తే వినేసి ఇంకొకరిని వెతకండి. నది గురించో, రేవు గురించో, దండు గురించో, పక్క కంపెనీతో తగువు గురించో చెప్పడం మొదలుపెడితే అడ్వాన్సు ఇచ్చేయండి.

కాలం సంగతి కూడా: ముంబైకి జూన్ నుంచి సెప్టెంబరు వద్దు, లోకల్ లైన్లు వానకు మునుగుతాయి. చెన్నైకి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా వద్దు. కోల్‌కతా దుర్గాపూజ రోజుల్లో ఎంత అందంగా ఉన్నా రోడ్లు కదలవు, గైడ్లు దొరకరు. పూజలు అయిపోయాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరాకే వెళ్తుంది. స్టేషన్ బయటికి వచ్చి వంతెన వైపు నాలుగడుగులు వేస్తే నది ఎదురవుతుంది.